ఏడుపు కోసం దాచిన గొంతు

నిన్న మధ్యాహ్నం జిరాక్సు మిషన్‌లో కాగితం ఇరుక్కుంటే దాన్ని తిట్టుకుంటూ లాగుతున్నాను. ఫోనులో మెసేజి వచ్చింది. కుప్పం ఆసుపత్రి నుంచి. మీ పేషెంటుకు గొంతు పరీక్ష చేయించాల్సిన సమయం వచ్చింది, దయచేసి డాక్టరుగారిని కలవండి, అని. పేషెంటు పోయి నెల కూడా కాలేదు. ఆసుపత్రి వాళ్ళను అనడానికేం లేదు. వాళ్ళ దగ్గరున్న నంబరు నాది, చెప్పాల్సినదాన్ని నేను. చెప్పే ఓపిక లేక ఫోను బోర్లా పెట్టి మళ్ళీ కాగితం లాగాను.

పేషెంటు మా పెద్దమ్మ. మా అమ్మకు అక్క. పుంగనూరు దాటాక ఒక పల్లెలో కొడుకు దగ్గర ఉండేది. కొడుక్కి ఆవులున్నాయి, పొద్దునా సాయంత్రం పాలు పిండాలి. కోడలికి పట్టుపురుగుల పని, ఆకు వేయడం ఒక్క పూట తప్పినా కుదరదు. మదనపల్లెలో నేను జిరాక్సు అంగడి పెట్టుకుని ఉన్నాను కాబట్టి, అది ఒక రోజు మూస్తే కొంపలేం మునిగిపోవని చుట్టాలందరూ కలిసి తేల్చేశారు. అలా ఆమెను కుప్పం తిప్పే పని నా నెత్తిన పడింది. పుంగనూరు బస్టాండులో ఆమెను ఎక్కించుకోవడం, పలమనేరు మీదుగా కుప్పం పోవడం, తిరిగి దింపి నేను ఇల్లు చేరేసరికి నడుం నాది కాదు. దాని సంగతి ఎవరు అడిగారు గనక!

ఆమె పోయిన రోజున ఆడవాళ్ళందరూ చుట్టూ కూర్చున్నారు. ఎవరూ నోరు విప్పరు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఇదేమిటి ఇలా మూగ చావు అయిపోయింది అనుకున్నాను. కాసేపటికి తట్టింది. అలవాటు కొద్దీ అందరూ ఆమె మొదలుపెట్టాలని చూస్తున్నారు. ఆమేమో మధ్యలో పడుకుని ఉంది.

మా వైపు చావింట్లో ఆడవాళ్ళు మాటలు పెట్టి ఏడుస్తారు. పోయిన మనిషిని ఎదురుగా పిలిచి, నువ్వు ఇలా చేసినవాడివి కదా, అలా అన్నవాడివి కదా అని రాగం తీస్తూ చెప్పుకుంటారు. ఒకరు అందుకుంటే తక్కినవాళ్ళు వెనక పలుకుతారు. ఆ అందుకునే మనిషి మా పెద్దమ్మ. ఇదేం కూలికి చేసే పని కాదు. చుట్టరికమో, ఊరి వరసో ఏదో ఒకటి ఉండేది. అటు బి.కొత్తకోట దాకా, ఇటు పలమనేరు దాకా ఎవరు పోయినా, "ఆయమ్మకు సెప్పి పంపిచ్చినారా?" అని ముందు అదే అడిగేవాళ్ళు.

ఆమె పద్ధతి ఆమెది. కబురు రాగానే ముందు కడుపునిండా సంగటి తినేది. "కాలే కడుపుతో ఏడిస్తే మన బాధకు ఏడ్సినట్టుంటాది మే" అనేది. చావింటికి పోగానే లోపలికి పోదు. బయట నిలబడి ఇంటివాళ్ళలో ఒకర్ని పక్కకు పిలుస్తుంది. ఏం తినేటోడు? ఎవురితో పడేది కాదు? నవ్వితే ఎట్టుండేది? అన్నీ అడిగి తెలుసుకుని, చెప్పులు విడిచి, కొంగు బిగించి, అప్పుడు పోయి తల దగ్గర కూర్చునేది. కాళ్ళ దగ్గర ఎప్పుడూ కూర్చోదు. 

ఒకసారి ఒక తాగుబోతు పోయాడు. నేనూ వెళ్ళాను. ఇంటిల్లిపాదికీ లోపల్లోపల హమ్మయ్య అనే ఉంది, పెళ్ళాం కళ్ళలో చుక్క నీరు లేదు. పెద్దమ్మ తల దగ్గర కూర్చుని, "తాగొచ్చి తలుపు తట్టేటోడివి నాయనా, తీసేదాకా దాని పేరు పిలిసేటోడివి నాయనా, ఇంక ఈ తలుపు తట్టేదెవురు, దాని పేరు పిలిసేదెవురు" అని అందుకుంది. ఆ పెళ్ళాం గోడకు చేరబడి ఉన్నది అలాగే జారి కింద కూలబడి భోరుమంది. తిరిగి వస్తుంటే బస్సులో అడిగాను, అంత వెధవలో కూడా నీకు అదెలా దొరికింది అని. "లేని మంచి సెప్పి ఏడిస్తే పీనుగ్గూడా నమ్మదు. ఉండేదే సెప్పాల" అంది.

ఇంటికి వచ్చాక స్నానం చేసి గోడవైపు తిరిగి పడుకునేది. ఇంక ఆ రోజు ఎవరితోనూ మాట్లాడదు. వయసు మీద పడేకొద్దీ ఆ పడుకోవడం ఎక్కువైంది. "వొళ్ళంతా పిండి ఆరేసినట్టుండాది మే" అనేది. చూస్తే నాకే అలసట వచ్చేది.

ఆ గొంతు పోవడం ఒక్కసారిగా పోలేదు. ముందు పై రాగం అందలేదు. తర్వాత కోళ్ళను పిలిస్తే కోళ్ళు తలెత్తి చూడటం మానేశాయి. తర్వాత ఫోనులో ఆమె మాట నాకు వినబడేది కాదు, గాలే వచ్చేది. కరక్కాయ బుగ్గన పెట్టుకుంది, మిరియాల కషాయం తాగింది. అంగళ్ళు అనే ఊళ్ళో ఒక చావుకు పోయి, తల దగ్గర కూర్చుని నోరు తెరిస్తే ఉస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదట. ఆడవాళ్ళందరూ ఆమెనే చూస్తున్నారట. కఫం అడ్డం పడినట్టు దగ్గి, కొంగు కప్పుకుని లేచి వచ్చేసిందట. అది చెబుతున్నప్పుడు ఆమె మొహం చూడలేకపోయాను.

"వయసయిపోయింది. ఇంక నీకెందుకమ్మా ఏడుపులు? ఇంట్లో కూసో" అన్నాడు కొడుకు. మాట సబబే. అప్పుడు ఆమె లోపల గదివైపు చెయ్యి చూపించి, "మీ మేనత్త ఉండాది గదరా" అంది.

మేనత్త అంటే పెద్దమ్మ ఆడబిడ్డ. పెద్దమ్మ మొగుడికి అక్క. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు పోతే తమ్ముడింటికి వచ్చేసింది. పిల్లల్లేరు. ఆ తమ్ముడూ ఎప్పుడో పోయాడు. ఇక మిగిలింది ఈ ఇద్దరే, ఒకే పొయ్యి దగ్గర. వాళ్ళ పోట్లాటలు ఏం చెప్పను! ఉప్పు డబ్బా పొయ్యికి కుడివైపు పెట్టాలా ఎడమవైపు పెట్టాలా అని జీవితమంతా కొట్టుకున్నారు. ఈమె కుడికి జరిపితే ఆమె ఎడమకు జరుపుతుంది. అలాంటి మనిషి ఎప్పుడో ఒకనాడు, జ్వరంలో, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని, "నాకెవురుండారు మే? నాకు నువ్వే ఏడవాల" అని మాట తీసుకుంది. మావైపు మాటల్లేకుండా సాగనంపితే అనాథ పీనుగ అంటారు. ఆ మాట అనిపించుకోకుండా ఆమెను పంపించాలి. పెద్దమ్మకు గొంతు కావాల్సింది అందుకు.

కుప్పంలో డాక్టరు మంచివాడు, చిన్న వయసు. గొంతు చూసే ముందు, "మీరు చేసే పనిలో గొంతు బాగా వాడాల్సి వస్తుందామ్మా?" అని అడిగాడు. పెద్దమ్మ అవునని తలూపింది. "ఏం పని?"

"ఏడ్సేదప్పా."

ఆయన కలం కింద పెట్టి, మెల్లగా, "ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలా ఏడుపు వస్తోంది? నిద్ర పడుతోందా?" అన్నాడు. నేను కలగజేసుకుని సంగతంతా చెప్పేసరికి ఆయన కలం మళ్ళీ తీసుకుని అదే రాసుకున్నాడు. తర్వాత ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి, ఎదురుగా ఉన్న టీవీలో చూపించాడు. తెల్లగా రెండు పొరలు, మాట పలికించేవి. వయసు మీద పడి సన్నబడి విల్లులా వంగిపోయాయని, రెండూ కలిసినా మధ్యలో సందు మిగిలి గాలి జారిపోతోందని చెప్పాడు.

"రెండు తలుపులూ మూసినా గాలి కొడతాండాదా!" అని ఆశ్చర్యపోయింది పెద్దమ్మ.

ఆ సందు పూడ్చడానికి సూది మందు ఉందట, కానీ ముందు అది వేయలేదు. గొంతుకు కసరత్తు నేర్పించారు. గ్లాసులో నీళ్ళు పోసి, స్ట్రా ముంచి, ఊ అంటూ బుడగలు తెప్పించాలి. ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని పొద్దునా సాయంత్రం అదే పని. ఆడబిడ్డ లోపలి నుంచి, "ఆ గ్లాసులో ఏం మునకలేస్తాండావే, ముసలిదానా!" అని నవ్వడం. మాట్లాడుకోవడానికి కాస్త మేలైంది. ఏడవడానికి చాలలేదు. 

ఇంతలో ఆడబిడ్డ మంచం పట్టింది. అన్నం పోవడం లేదు, అమావాస్య దాటదన్నారు. పెద్దమ్మ కంగారుగా నాకు ఫోను చేయించింది. బిన్నా రా మే, సూది ఏయించుకోవాల, అని. అదే పొద్దున అంగడి మూసి పరుగెత్తాను.

కుర్చీలో కూర్చోబెట్టి, మెడ మీద మొద్దుబారే మందు ఇచ్చి, కెమెరాలో చూస్తూ మెడ ముందు నుంచి సూది పొడిచి ఆ పొరల్లోకి జెల్లు ఎక్కించారు. మనిషి మెలకువగానే ఉంది. నా చెయ్యి పట్టుకుని నలిపేసింది, నా వేళ్ళు నావి కాకుండా పోయాయి. టీవీలో ఆ సన్నటి పొరలు చూస్తుండగానే కాస్త ఉబ్బి ఒకదానికొకటి దగ్గరయ్యాయి. డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు. కొన్నాళ్ళు మాట్లాడకూడదు, గుసగుస కూడా వద్దు. ఇది శాశ్వతం కాదు, కొన్ని నెలల్లో ఒళ్ళు పీల్చేసుకుంటుంది, గొంతు మళ్ళీ పలచబడొచ్చు. ఎక్కువకాలం నిలిచే ఆపరేషను కూడా ఉంది, ఆలోచించుకోండి, అన్నాడు. పెద్దమ్మ వేలు ఒకటి చూపించి ఏదో సైగ చేసింది. ఆయనకు అర్థం కాలేదు. ఒక్క ఏడుపుకు చాలు అంటోంది అని నేనే చెప్పాను. 

గొంతు వచ్చింది. మునుపటి గొంతు కాదు, కాస్త బొంగురు, కానీ నిలబడే గొంతు. చిత్రమేమిటంటే అటు గొంతు వచ్చింది, ఇటు ఆడబిడ్డ లేచి కూర్చుంది! అమావాస్య దాటింది, రాగి అంబలి అడిగింది, ఉప్పు డబ్బా ఎడమవైపుకు జరిపింది.

అప్పుడు పెద్దమ్మ ఒక తెలివితక్కువ పని చేసింది. ఆ జెల్లును గ్యాసు సిలిండరులా అనుకుంది. తక్కువ వాడితే ఎక్కువకాలం వస్తుందని మాట్లాడటం మానేసింది. మాట్లాడినా మాట్లాడకపోయినా అది కరిగేది కరిగిపోతుందని డాక్టరు చెప్పిన మాట నేను ఎన్నిసార్లు చెప్పానో! ఊ అనదు, ఆ అనదు. కోళ్ళకు చప్పట్లు. కొడుక్కి సైగలు. ఎవరైనా పోయారని కబురొస్తే ఒంట్లో బాగాలేదని చెప్పించేది. నేను ఫోను చేస్తే వినేది, అంతే. దాచి దాచి, అంతా ఆడబిడ్డ చావు కోసం.

ఆడబిడ్డకు పిచ్చెక్కింది. తిట్టినా జవాబు లేకపోతే ఎంతకని తిట్టుకుంటుంది పాపం. "గొంతు ఏయించుకోనొచ్చి నాతో మాట్లాడదే ఇది! నేను సచ్చేదాకా నోరు మూసుకోనుంటాదంట!" అని వచ్చినవాళ్ళందరి దగ్గరా మొర. ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. నాకైతే అక్కడికి పోవాలంటేనే విసుగొచ్చేది. నెలలు గడిచాయి. ఎవరికీ ఏడవకుండానే, ఎవరినీ తిట్టకుండానే, దాచిన గొంతు దాచినట్టే కరిగిపోయింది. మళ్ళీ గాలి.

మళ్ళీ కుప్పం. మళ్ళీ సూది. ఈసారి వస్తూ బస్సులో కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుని కూర్చుంది. మాట్లాడకూడదు కాబట్టి నేనూ ఏమీ అడగలేదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ అలిసిపోయామో చెప్పడం కష్టం.

గొంతు కుదురుకున్నాక ఒకరోజు ఆమెను చూడ్డానికి పల్లెకు వెళ్ళాను. కొడుకు పాలకేంద్రానికి, కోడలు మల్బరీ తోటకు పోయారు. నేను గడపలో కాలు పెట్టగానే ఆడబిడ్డ మంచం మీద నుంచి పిలిచింది.

"ఇట్రా పాపా. మీ పెద్దమ్మకు సెప్పు. నేను సచ్చినంక ఏడిస్తే నాకు యినపడతాదా? అందురికీ ఏడ్సింది, అందురూ బాగుండాదంటారు. నేనొక్కదాన్నే యినకుండా పోవాల్నా? ఇప్పుడే ఏడ్సమను."

పెద్దమ్మ చెంపలు వాయించుకుంది. దీపం పెట్టే ఇంట్లో, మనిషి బతికుండగా, ఎదురుగా కూర్చుని ఏడవడమా! అంతకన్నా అపశకునం మావైపు ఇంకొకటి లేదు. దాచుకున్న గొంతును కూడా మరిచిపోయి, "నీకేమన్నా మతి పొయ్యిందా వొదినా!" అని అరిచింది.

"ఇంట్లో వొద్దులే. షెడ్డులోకి పోదాం" అంది ఆడబిడ్డ. అంతా ముందే ఆలోచించుకుని పెట్టుకుంది, చూడండి.

ఇంటి వెనక పట్టుపురుగుల షెడ్డు ఆ రోజు ఖాళీగా ఉంది. పట్టుగూళ్ళు అమ్మేశారు, కొత్త పురుగులు ఇంకా తేలేదు. నేల కడిగి బ్లీచింగు చల్లారు, ఆ వాసన ముక్కు పగలగొడుతోంది. పెద్దమ్మ ఒక రెక్క, నేనొక రెక్క పట్టుకుని ఆడబిడ్డను నడిపించుకుపోయి చాప మీద కూర్చోబెట్టాం. నన్ను తలుపు దగ్గర కాపలా పెట్టారు. ఎవరైనా వస్తే దగ్గాలి. 

పెద్దమ్మ ఎదురుగా కూర్చుంది. గొంతు సవరించుకుంది. రాలేదు. "గుండ్రాయి మాదిరి నన్నే సూస్తాంటే ఎట్ల ఏడ్సేది?" అంది. ఆడబిడ్డ చాప మీద వెల్లకిలా పడుకుని చేతులు పక్కన పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఊ. సచ్చినా. ఇంక కానీ."

నాకు నవ్వు ఆగలేదు. పెద్దమ్మ తల దగ్గరికి జరిగి అందుకుంది. ఎంతకాలమైందో ఆ రాగం విని!

"నా పెండ్లినాడు కుచ్చిళ్ళు బాగలేవని పదిమందిలో విప్పి కట్టినదానా నా వొదినా! మజ్జిగలో నీళ్ళు పోసినానని ఊరంతా సెప్పినదానా నా వొదినా! నాకు బిడ్డ అడ్డం తిరిగిననాడు పలమనేరు దాకా బండెనకాల సెప్పుల్లేకుండా నడిసినదానా నా వొదినా! ఇంక నన్ను తిట్టేదెవురు, నేను జవాబు సెప్పేదెవురికి నా వొదినా!"

"సెప్పులుండె" అంది ఆడబిడ్డ కళ్ళు తెరవకుండానే. "దోవలో తెగిపాయ."

పెద్దమ్మ ఆ మాట దిద్దుకుని మళ్ళీ చెప్పింది. ఆడబిడ్డ కణతల మీదుగా నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోదు. కాసేపు విని, చిన్నగా, "మా ఆయప్పను గూడా ఏడ్సు మే" అంది. పెళ్ళయిన కొత్తలోనే పోయిన ఆ మొగుడి పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. పెద్దమ్మ ఆయన్ని చూసింది కూడా లేదు. ఏం చెప్పి ఏడవాలో తెలియక, "ఏమి తినేటోడు వొదినా?" అని ఏడుపులోనే రాగం మీద అడిగింది. ఆడబిడ్డ కూడా రాగం మీదే చెప్పింది, అలసందలంటే ప్రాణమని, నవ్వితే కండ్లు మూసుకుపోయేవని. ఆమె ఒకటి చెప్పడం, ఈమె దాన్ని అందుకోవడం. ఇద్దరు ముసలివాళ్ళు ఆ బ్లీచింగు వాసనలో ఎప్పుడో పోయిన ఒక కుర్రవాడి కోసం ఏడుస్తుంటే తలుపు దగ్గర నేను కూడా ఏడ్చాను. ఎవరైనా వచ్చి ఉంటే దగ్గడం నా వల్ల అయ్యేది కాదు.

చివరికి ఆడబిడ్డ లేచి కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, "బాగనే ఏడిస్తివి. పద, రొవ్వంత మజ్జిగ పొయ్యి" అంది.

ఆ తర్వాత పెద్దమ్మ గొంతు దాచుకోలేదు. హాయిగా పోట్లాడింది. ఉప్పు డబ్బా గురించి, కూరలో కారం గురించి, గొంతు ఉన్నంతకాలం ఇద్దరూ ఇల్లెగిరిపోయేలా అరుచుకున్నారు. జెల్లు తన దారిన తాను కరిగింది. మాట మెల్లగా పలచబడి, మళ్ళీ గాలి అయిపోయింది. కుప్పం పోదామా అని అడిగాను. వద్దని తల తిప్పింది. నిజం చెప్పాలంటే నాకూ హాయిగానే అనిపించింది.

ఆడబిడ్డ ఒక పొద్దున అంబలి గ్లాసు చేతిలో పట్టుకునే పోయింది. నేను పోయేసరికి ఇంటినిండా ఆడవాళ్ళు. పెద్దమ్మ తల దగ్గర కూర్చుని ఉంది. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. ఆమె నోరు తెరవలేదు. తెరిచే ప్రయత్నం కూడా చేయలేదు. పోయిన మనిషి నెరిసిన జుట్టును వేళ్ళతో వెనక్కి దువ్వుతూ కూర్చుంది. చివరికి ఎవరో తెలిసీ తెలియని నాలుగు మాటలు అన్నారు, అవి మధ్యలోనే ఆగిపోయాయి.

గుసగుసలు మొదలయ్యాయి. "ఊరందురికీ ఏడ్సింది. ఇంటి ఆడబిడ్డకు నోరు రాలేదు సూడు. పగ అట్లుంటాది" అంది ఒకావిడ, వినబడేలాగానే. కొడుకు నలుగురిలో తల ఎత్తుకోలేక తల్లి దగ్గరికి వచ్చి వంగి, "మల్ల కుప్పానికి యాల పోతివమ్మా అన్నితూర్లు? దీనికి గాదా?" అన్నాడు. మేనత్త ఎత్తుకుని పెంచిన బిడ్డ వాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళకేం తెలుసని! లేచి నిలబడి అందరికీ వినబడేలా చెప్పేద్దామనుకున్నాను. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుని కిందికి గుంజింది. అంత బలం ఆ చేతికి ఎక్కడిదో. నా చెవికి నోరు ఆనించింది. వచ్చేది గాలే అయినా, ప్రతి మాటా తెలిసింది.

"సెప్పొద్దు మే. బతికుండే మనిషికి ఏడ్సినానంటే, నా ఏడుపుకే సచ్చిపాయ అంటారు. వాడూ అట్లే అనుకుంటాడు, వాని మేనత్త గదా."

"మరి నిన్ను ఇన్ని మాటలంటున్నారే" అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలి మళ్ళీ ఆ జుట్టు మీద పెట్టింది. 

"అననీ మే. అది యినే పొయ్యింది గదా."